"ఏమైనా అడగాలా?" అంటే "ఏం లేదు సార్" అనొద్దు

(జాబ్ మేళాకు వెళ్లబోతున్న ఆదివాసీ యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



ఇంటర్వ్యూ చివర్లో ఒక మాట వస్తది. మన కాగితాలు పక్కన పెట్టి "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు. మనలో చాలామందిమి "ఏం లేదు సార్, థ్యాంక్యూ సార్" అని లేచి వచ్చేస్తాం. అడిగితే పొగరనుకుంటారేమో, వచ్చే ఉద్యోగం పోతదేమో అని భయం. ఆశ్రమ పాఠశాల నుంచి డిగ్రీ దాకా మనకు జవాబు చెప్పడమే నేర్పారు, ప్రశ్న అడగడం నేర్పలేదు. ఈ రోజు ఆ రెండు నిమిషాల గురించే మాట్లాడుకుందాం.

ఇప్పుడే ఎందుకంటే, మన దారి మారింది. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. దాని మీద పోరాటం వేరే సంగతి. ఈలోపు బీఈడీ చేసినోళ్లు కూడా ప్రైవేటు కంపెనీల ముందు కూర్చోవాల్సి వస్తోంది. ఊరు విడిచి వందల కిలోమీటర్లు పోయాక తెలిసే సంగతులు, ఆ కుర్చీలో ఉన్నప్పుడే తెలుసుకోవాలి కదా?

మొదట పని గురించి అడగండి. "సార్, ఈ ఉద్యోగంలో రోజూ నేను చేసే పని ఏంటి? మొదటి మూడు నెలల్లో నా నుంచి ఏం ఆశిస్తారు?" ఇట్ల అడిగితే ఈ అబ్బాయికి పని మీద ధ్యాస ఉందని వాళ్లకూ అర్థమైతది. "ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా మానేస్తే ఖాళీ అయిందా?" అని కూడా అడగొచ్చు. ఆరు నెలలకొకరు మానేసే చోటైతే ఆ జవాబు దగ్గరే తడబడతారు.

రెండోది, "నా అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరి పేరు మీద వస్తది? కంపెనీ పేరు మీదా, కాంట్రాక్టర్ పేరు మీదా?" ఇంటర్వ్యూ చేసేది పెద్ద కంపెనీ గేటు లోపలే కావచ్చు, జీతమిచ్చేది ఇంకెవరో కావచ్చు. రేపు జీతం ఆగితే ఎవర్ని అడగాలో ఈ ఒక్క జవాబు చెప్తది. ట్రైనీనా, అప్రెంటిస్‌నా అని కూడా తేల్చుకోండి. అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే వచ్చేది స్టైపెండ్, దానికి పీఎఫ్ ఉండదు.

మూడోది జీతం. "సీటీసీ 18 వేలు" అనగానే ఇంటికి ఫోన్ చేసి 18 వేలని చెప్పేయకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా కలిపి చెప్తారు. బేసిక్ 10 వేలు అనుకుందాం. మన వాటా 12 శాతం అంటే 1,200, కంపెనీ వాటా ఇంకో 1,200. ఇక్కడే 2,400 తగ్గింది. అది మన పీఎఫ్, పెన్షన్ కిందే జమైతది, నిజమే, కానీ నెల ఖర్చుకు చేతికి రాదు. ఆపైన హాస్టల్, మెస్, బస్సు కోతలు. అందుకే సూటిగా అడగండి: "అన్ని కటింగులు పోను నెలకు చేతికెంత వస్తది సార్?" జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐ ఉందా అని కూడా అడగండి. ఒంట్లో బాగలేనప్పుడు మనకు, ఇంట్లోవాళ్లకు అదే ఆసరా.

నాలుగోది, "బాండ్ ఏమైనా ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకుంటారా?" చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ వెంటనే వెనక్కి తీసుకోండి. అవి వాళ్ల బీరువాలో ఉంటే పని నచ్చకపోయినా మనం కదలలేం.

చెల్లెళ్లూ, మీరు ఇంకో మాట కలపండి. నైట్ షిఫ్ట్ ఉందా, ఉంటే బండి ఎక్కడి దాకా వస్తది, హాస్టల్ ఎక్కడ? పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. "ఆ కమిటీలో ఎవరున్నారు మేడమ్?" అని అడగడం తప్పు కాదు.

ఇక ఎట్ల అడగాలి? ఇన్నీ ఒక్కసారే గుప్పించొద్దు. ముందు పని గురించి రెండు, తర్వాత జీతం గురించి ఒకటి. మిగతావి ఆఫర్ వచ్చినప్పుడు, సంతకం పెట్టే ముందు. వాళ్ల నోటీసులోనే ఉన్నది మళ్లీ అడగొద్దు. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో అడగండి. జవాబు అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పండి సార్" అనండి. చెప్పింది అక్కడే పేపరు మీద రాసుకోండి. రాసుకునేవాడి ముందు అబద్ధం చెప్పడం కష్టం.

మర్యాదగా అడిగిన ప్రశ్నకు కసురుకునే చోటు, రేపు లీవు అడిగితే ఇంకెట్ల మాట్లాడతదో ఆలోచించండి. ఇంటి పరిస్థితి వల్ల అయినా సరే చేరాల్సి రావచ్చు. అప్పుడు కూడా తెలిసి చేరడం వేరు, మోసపోయి చేరడం వేరు.

గ్రామసభలో ఎవరైనా కాగితం తెచ్చి వేలిముద్ర వేయమంటే, "ముందు చదివి వినిపించు, ఇందులో ఏముంది?" అని అడిగే పెద్దలు మనకున్నారు. బడికి పోని వాళ్లు అడిగారు. డిగ్రీ పట్టా చేతిలో ఉన్న మనం అడగలేమా?

ఈ రాత్రికి మూడు ప్రశ్నలు రాసుకోండి. పక్కవాళ్లను ఆఫీసర్‌గా కూర్చోబెట్టి గట్టిగా అడిగి చూడండి. పొద్దున ఆ కాగితం జేబులో పెట్టుకుని రండి.

జోహార్.