ఆయాసపడే మనిషి పక్కన ఎవరు నిలబడాలి?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయ నిధి గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ పెద్దలు మాకు అప్పగించారు. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. అందుకని మందుల జోలికి పోము. రోగికి పాఠం ఎలా చెప్పాలి అన్న ఒక్క ప్రశ్న మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఒక నర్సు గురించి చెబుతాము. ఆమె పేరు వర్జీనియా క్యారియెరి కోల్మన్. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆమె పట్టుకున్న విషయం ఆయాసం.

ముందుగా జబ్బు సంగతి. మన ఇళ్లల్లో 'దమ్మా' అని ఒకే మాటతో సరిపెట్టే వాటిలో రెండు జబ్బులున్నాయి. ఒకటి ఉబ్బసం. అది వస్తూ పోతూ ఉంటుంది. రెండోది డాక్టర్లు సీఓపీడీ అనేది. పొగకు, దుమ్ముకు ఏళ్ల తరబడి గురై గాలి గొట్టాలు ఇరుకైపోతాయి. పాడైన భాగం మళ్లీ మామూలు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఈ జబ్బుతో సుమారు 35 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ ఉన్నవారు 5 కోట్ల 53 లక్షల మంది, ఉబ్బసం ఉన్నవారు 3 కోట్ల 79 లక్షల మంది అని 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది.

బీడీ, చుట్ట తాగేవాళ్లకే ఇది వస్తుందని మనలో చాలామంది నమ్మకం. అదే అధ్యయనం చెప్పింది వేరు. మన దేశంలో ఈ జబ్బు భారంలో సగానికి పైగా గాలి కాలుష్యం వల్లే. ఇంటిలోని వంటపొగ కూడా అందులో భాగం. పొగాకు వాటా నాలుగో వంతు. మిగిలిన దానిలో చేసే వృత్తి వల్ల వచ్చేదీ ఉంది. ఇది మన వాళ్లకు కొత్త సంగతి కాదు. మన పెద్దలు వింటితో దూది ఏకి పరుపులు కుట్టారు. ఆ గదిలో లేచే ధూళి పీల్చి పెరిగిన వాళ్లు మనలో ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల వైపు మన అక్కచెల్లెళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. పెళ్లిళ్లకు దేగిశాలు ఎక్కించే వంటవాళ్లు కట్టెల పొగలోనే బతుకు వెళ్లదీస్తారు. ఒక్క బీడీ ముట్టని ఆడమనిషి యాభై ఏళ్లకే మెట్లెక్కలేక మధ్యలో కూలబడితే, 'వయసు మీద పడింది' అని ఊరుకోవద్దు.

ఇక ఆ నర్సు చేసిన పని. అప్పట్లో ఊపిరితిత్తుల బలాన్ని యంత్రంలో ఊదించి కొలిచేవారు. ఇప్పటికీ కొలుస్తారు, కొలవాలి కూడా. కానీ యంత్రంలో ఒకే అంకె వచ్చిన ఇద్దరిలో ఒకరు బజారుకు వెళ్లొస్తారు, మరొకరు మంచం దిగరు. ఈ తేడా ఎక్కడిది? క్యారియెరి కోల్మన్, ఆమె సహచరి సూసన్ జాన్సన్ రోగులనే అడిగారు. 'ఆయాసం వచ్చినప్పుడు మీకెలా ఉంటుంది? అప్పుడు మీరేం చేస్తారు?' అని. ఆ జవాబులతో 1986లో వ్యాసాలు ప్రచురించారు. ఎవరూ నేర్పకపోయినా రోగులు తమంతట తాము చాలా ఉపాయాలు కనిపెట్టుకున్నారని తేలింది. కూర్చునే తీరు మార్చుకోవడం, పని నిదానంగా చేయడం, శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడం వంటివి. పిల్లవాడికి ముందే ఏం తెలుసో కనుక్కుని పాఠం మొదలుపెట్టమని మాకు బీఈడీలో చెప్పారు. ఆమె చేసింది సరిగ్గా అదే.

తర్వాత ఆమె భయం వైపు చూశారు. ఆయాసం వస్తుందని మనిషి నడవడం మానేస్తాడు. నడవక కాళ్ల కండరాలు సన్నబడతాయి. సన్నబడిన కాళ్లతో నాలుగడుగులు వేస్తే ఇంకా ఎక్కువ ఆయాసం వస్తుంది. దాంతో భయం పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

1996లో ప్రచురించిన ఆమె అధ్యయనం మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. సుమారు 50 మంది రోగులను రెండు జట్లు చేసి, నడక యంత్రం మీద 12 సార్లు నడిపించారు. ఒక జట్టుకు పక్కనే నర్సు ఉండి ధైర్యం చెబుతూ, శ్వాస ఎలా తీయాలో నేర్పుతూ నడిపించింది. రెండో జట్టు పక్కన కూడా నర్సు ఉంది, కానీ గమనిస్తూ ఉండడమే ఆమె పని. రెండు జట్లలోనూ ఆయాసం తగ్గింది, దాని వెంట ఉండే బెంగ కూడా తగ్గింది. రెండింటి మధ్య పెద్ద తేడా కనిపించలేదు. అంటే మనిషి పక్కన తెలిసినవారు ఒకరు నిలబడి, రోజురోజుకు కాస్త ఎక్కువ నడవనిస్తే, అదే సగం వైద్యం. ఆమె దీన్ని దాచకుండా వ్యాసం శీర్షికలోనే పెట్టారు.

1999లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ ఆయాసం గురించి ఒక ఉమ్మడి ప్రకటన తెచ్చింది. దాన్ని రాసినవారిలో డాక్టర్లతో పాటు క్యారియెరి కోల్మన్ వంటి నర్సు పరిశోధకులూ ఉన్నారు. ఆయాసం రోగి స్వయంగా అనుభవించేది, ఎంత ఉందో అతడే చెప్పాలి అన్న మాట దాంతో గట్టిపడింది. 2005లో ఆమె 103 మందితో చేసిన మరో అధ్యయనం వచ్చింది. అందరికీ ఆయాసాన్ని అదుపు చేసుకునే పాఠాలు చెప్పి, ఇంటి దగ్గర నడవమన్నారు. కొందరిని అదనంగా 4 సార్లు, కొందరిని 24 సార్లు నర్సు దగ్గరుండి నడిపించారు. 24 సార్లు నడిచినవారికే ఎక్కువ మేలు జరిగింది. పాఠం ఒక్కటే చాలదు, అభ్యాసం కూడా ఉండాలని దీని సారాంశం.

ఈ నర్సులు నేర్పే ఉపాయాలు ఇంట్లో చేసుకోదగ్గవే. వేడి చాయ్ ఊదుతున్నట్టు పెదవులు సన్నగా చేసి నెమ్మదిగా గాలి వదలడం. కూర్చుని ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించడం. మెట్టెక్కేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలడం. ముఖానికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా చూసుకోవడం.

మరొకటి ఇన్‌హేలర్. 'తెలుసా?' అని అడిగితే అందరూ తెలుసంటారు. మా తరగతిలోనూ 'అర్థమైందా?' అంటే నలభై మందీ అయిందనే అంటారు. బోర్డు దగ్గరికి పిలిస్తే గానీ అసలు సంగతి బయటపడదు. రోగి చేత కూడా చేసి చూపించమనాలి. సరిగా పీల్చకపోతే ఖరీదైన మందు గొంతులోనే ఆగిపోతుంది. చౌకగా దొరికే ప్లాస్టిక్ స్పేసర్ చాలామందికి ఈ కష్టం తీరుస్తుంది.

రంజాన్‌లో కొందరు ఎవరినీ అడగకుండా ఇన్‌హేలర్ పూర్తిగా మానేస్తారు. ఇది ప్రాణం మీదికి తెస్తుంది. రోగులకు ఉపవాసం విషయంలో ఖుర్ఆన్‌లోనే సడలింపు ఉంది. కొన్ని మందులను సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దవచ్చు. నెల మొదలు కాకముందే డాక్టరుతో, ఆలిమ్ సాబ్‌తో మాట్లాడుకోవాలి. ఆయాసం ముంచుకొస్తే ఆ క్షణంలో మందు తీసుకోవాల్సిందే.

ఇప్పుడు దాతలతో నేరుగా ఒక మాట. కోవిడ్ రోజుల్లో మీరిచ్చిన డబ్బుతో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు కొన్నాం. అప్పుడు అవి ప్రాణాలు కాపాడాయి. ఇప్పుడు ఆయాసం అన్న ప్రతివారూ అదే యంత్రం కావాలంటున్నారు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినవారు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో వచ్చిన అధ్యయనాలు చూపాయి. అంతగా పడిపోని వారికి దానివల్ల ఒరిగేది లేదని 2016లో మరో అధ్యయనం తేల్చింది. మనం చూస్తున్నది ఏమిటి? అవసరం లేని ఇంట్లో యంత్రం మూలన ఉంటోంది. అవసరమున్న ఇంట్లో కరెంటు బిల్లుకు భయపడి గంటో రెండు గంటలో పెట్టుకుని ఆపేస్తున్నారు. యంత్రం ఇచ్చాం గానీ మనిషిని ఇవ్వలేదు.

కెనడాలోని క్యుబెక్‌లో శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది 191 మంది రోగుల్లో ఒక జట్టుకు రెండు నెలలు వారం వారం పాఠం చెప్పి, తర్వాత నెలనెలా ఫోన్ చేశారు. ఏడాదిలో జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరడం ఆ జట్టులో దాదాపు 40 శాతం తగ్గింది. ఇది 2003 నాటి మాట. మరో వైపు కూడా చెప్పాలి. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఇలాంటి కార్యక్రమమే నడిపితే, పాఠం చెప్పిన జట్టులోనే ఎక్కువ మంది చనిపోయారు. దాంతో మధ్యలోనే ఆపేశారు. 2012లో ఆ ఫలితం ప్రచురించారు. కాబట్టి కరపత్రాలు పంచి చేతులు దులుపుకోకూడదు. డాక్టరు పర్యవేక్షణ తప్పకుండా ఉండాలి.

అందుకని మా విన్నపం ఇది. ఈ ఏడాది కొత్త యంత్రాలు కొనవద్దు. ఆ డబ్బుతో ఒక శిక్షణ పొందిన నర్సును జీతానికి పెడదాం. ఛాతీ డాక్టరు ఒకరి మార్గదర్శనంలో ఆమె ఇంటింటికీ వెళుతుంది. ఇన్‌హేలర్ చేయించి చూస్తుంది, వీధి చివరిదాకా నడిపిస్తుంది, వారానికోసారి ఫోన్ చేస్తుంది, మూలనున్న యంత్రాన్ని అవసరమున్న ఇంటికి చేరుస్తుంది. ఆపదలక్షణాలు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పంపుతుంది. మన ఆడపిల్లల్లో నర్సింగ్ చదివినవారు ఉన్నారు. ఆ ఉద్యోగం వారిలో ఒకరికి ఇస్తే ఒక సాయం రెండు ఇళ్లకు అందుతుంది.

యంత్రం మీద దాత పేరు రాయించవచ్చు. నర్సు జీతం మీద రాయించలేం. పేరు కనబడని ఈ దానానికి మీరు ముందుకొస్తారని మా నమ్మకం. మీ రాబడిలో, మీ పిల్లల ఆరోగ్యంలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.