లాభాల హామీ ఎప్పుడు మోసమవుతుంది?

(పెనుగొండలో చేసిన ప్రసంగ పాఠం)

 

హీరా గోల్డ్ పేరు వినని ముస్లిం కుటుంబం మన రాష్ట్రంలో అరుదు. హలాల్ లాభం పేరిట ఏడాదికి 36 శాతానికి పైగా రాబడి చూపి వేల కోట్లు సేకరించిందన్నది ఆ సంస్థపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అభియోగం. 2018 అక్టోబరులో సంస్థ అధినేత్రి అరెస్టయ్యారు. ఆమె ఆరోపణలను తోసిపుచ్చారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. చట్టమేమిటో తెలుసుకోవడం మన బాధ్యత.

రాని లాభమంతా మోసం కాదు. అంబాజీపేట కొబ్బరి వర్తకుడొకడు లాభం వస్తుందని నిజంగా నమ్మి మన సొమ్ముతో సరుకు కొన్నాడనుకుందాం. ధర పడిపోతే అది వ్యాపార నష్టం. కాయ కూడా కొనకుండా, కొత్తవారి సొమ్మును పాతవారికి లాభమని పంచితే అది మోసం.

నెరవేర్చే ఉద్దేశం లేకుండా చేసిన వాగ్దానం మోసమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. పాత 420వ సెక్షన్ స్థానంలో నేడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఉంది. అయితే వంచించే ఉద్దేశం మాట ఇచ్చిన నాడే ఉన్నదని రుజువు కావాలని సుప్రీంకోర్టు పలుమార్లు స్పష్టం చేసింది. 2013 కంపెనీల చట్టం 36వ సెక్షన్ ప్రకారం, పెట్టుబడి రాబట్టడానికి తెలిసి గాని, నిర్లక్ష్యంగా గాని తప్పుడు అంచనాలు చెప్పినా నేరమే. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది.

కాబట్టి సాక్ష్యం మొదటి రోజుదే కావాలి. రసీదు, కరపత్రం, ఫోనుకు వచ్చిన సందేశం, ఏదీ పారవేయవద్దు. ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్యాలయాల్లో అర్జీలు చూసిన మేము చెప్పేదొకటే: తేదీ, కాగితం లేని ఫిర్యాదు నిలబడదు.

ముదారబా ఒప్పందంలో లాభంలో వాటా నిర్ణయిస్తారు. ఇంత సొమ్ము తప్పక ఇస్తామన్న హామీ ఉండదు. నెలనెలా ఖాయమైన హలాల్ లాభమని ఎవరైనా అంటే, అక్కడే ఆగి లెక్కల పుస్తకం అడగాలి.

గల్ఫ్‌లో కష్టపడి పంపిన సొమ్ము పోయినా, ‘మనవాడిపై కేసా?’ అని మౌనం వహించేవారున్నారు. అగ్రిగోల్డ్ బాధితులు సంఘటితమై పోరాడారు. అయినా పదివేలలోపు డిపాజిటర్లకు 2019లో, ఇరవైవేలలోపు వారికి 2021లో గాని ప్రభుత్వ సాయం అందలేదు. అడిగినవారికే ఇంత ఆలస్యమైతే, అడగనివారి గతేమిటి? ఫిర్యాదు చేయడం సమాజానికి అప్రతిష్ఠ కాదు. అది మన హక్కు.