జైలు నుంచి వచ్చినవాడిని దేనితో కొలవాలి?

(ద్రాక్షారామంలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ల కిందట మా వీధి కుర్రాడొకడు శిక్ష పూర్తిచేసుకుని రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి వచ్చాడు. లోపల వడ్రంగం నేర్చుకున్నాడట. పని ఇప్పించమని నా దగ్గరకు వస్తే "తరవాత చూద్దాంలే" అన్నాను. రెండుసార్లు వచ్చాడు, మూడోసారి రాలేదు. ఊరే వదిలిపోయాడు. వాడు మారాడో లేదో నేను చూడనేలేదు. అనుమానంతోనే కొలిచి పంపేశాను.

మరి మార్పును కొలిచేదెలా? జైల్లో నడవడి, పని చూసి రెమిషన్ అని శిక్షలో కొన్ని రోజులు తగ్గిస్తారు. మంచిదే. కాని తాళం వేసిన చోట దొంగతనం చేయకపోవడం పెద్ద పరీక్ష కాదు గదా! యావజ్జీవ ఖైదీల ముందస్తు విడుదలకు లక్ష్మణ్ నస్కర్ కేసులో 2000లో సుప్రీంకోర్టు అయిదు ప్రశ్నలు చెప్పింది. నేరం సమాజాన్నంతటినీ దెబ్బతీసేదా? మళ్లీ చేసే అవకాశముందా? చేసే శక్తి పోయిందా? ఇంకా లోపల ఉంచితే ప్రయోజనమేమిటి? కుటుంబం స్థితి ఎలా ఉంది? పెరోలు మీద ఇంటికెళ్లి గడువుకు తిరిగిరావడం, అనంతపురం ఓపెన్ జైలు వంటి చోట పెద్ద కాపలా లేకుండా పొలం పని చేయడం, ఇవి అసలైన కొలతకు దగ్గర.

అమెరికాలోని బోస్టన్‌లో చిన్నతనంలో నేరాలు చేసిన 500 మంది బాలుర జీవితాలను పరిశోధకులు సేకరించారు. వారిలో కొందరిని డెబ్బయ్యేళ్ల వయసులో మళ్లీ కలిశారు. స్థిరమైన పని, నిలకడైన సంసారం దొరికినవారిలో చాలామంది నేరం మానేశారని తేల్చారు. అంటే మార్పు మనిషి లోపల ఎంతుందో, గేటు బయట కూడా అంతే ఉందన్నమాట. ఆ బయట ఉన్నది మనమే.

అందుకని సొసైటీకి నా మనవి ఇది. విడుదలై వచ్చినవారికి మొదటి ఏడాది ఒక పెద్దమనిషిని తోడు పెట్టండి. రేషన్ కార్డు, ఆధార్ సరిచేయించండి. పనిముట్లకు చిన్న అప్పు ఇవ్వండి. పనికి వస్తున్నాడా, ఇంట్లో డబ్బిస్తున్నాడా, పాత స్నేహాలు విడిచాడా అని నెలనెలా చూడండి. ఒకసారి తడబడితే లెక్క మూసేయకండి.

ఆ కుర్రాడు మళ్లీ వస్తే ఈసారి "తరవాత" అనను. మీరూ అనవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.