ఒంటికి పడే పూరకం
(నగరపాలక సంస్థ ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



శరీరానికి హాని చేయక, దానితో ఇమిడిపోయే పదార్థాన్ని వైద్యశాస్త్రం జీవానుకూల పదార్థమంటుంది. ఆరోగ్య పత్రాలను అనువదించేటప్పుడు నేనూ ఆ మాటే వాడతాను. కాని మన ఇళ్లలో అంతకంటే సూటియైన మాట ఉంది: ఒంటికి పడటం. వంకాయ ఒకరికి పడుతుంది, మరొకరికి పడదు. పంటిలో నింపే పదార్థమూ అంతే.

మన పెద్దల దంతాలలో కనిపించే బూడిదరంగు పూరకంలో దాదాపు సగం పాదరసం. మిగిలినది ప్రధానంగా వెండి, తగరం, రాగి. గట్టిపడిన తరువాత పాదరసం ఆ లోహాలతో బంధింపబడి ఉంటుంది. నమిలేటప్పుడు అత్యల్పంగా ఆవిరి వెలువడుతుంది. పాదరస వినియోగాన్ని అదుపుచేసే మినమాటా ఒడంబడికను భారతదేశం 2018లో ఆమోదించింది. వైద్యుడు అవసరమని భావిస్తే తప్ప, 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ పూరకం వాడకుండా చూడాలని సభ్యదేశాలు 2022లో నిర్ణయించాయి.

ఇది విని, ఉన్న పూరకాలన్నీ తీయించుకోవాలని తొందరపడవద్దు. పగుళ్లు లేక, అంచులు గట్టిగా ఉన్నదాన్ని కదపకపోవడమే మేలు. తొలగించేటప్పుడు తాత్కాలికంగా ఎక్కువ ఆవిరి వెలువడుతుంది. మంచి పన్నూ కొంత పోతుంది. పూరకం విరిగినా, దాని కింద మళ్లీ పిప్పి పట్టినా, ఆ లోహం పడదని పరీక్షలో తేలినా మార్చాలి. అత్యవసరం కాకపోతే గర్భిణులు వాయిదా వేసుకోవడం మంచిది.

మార్పిడికి వెళ్లినప్పుడు వైద్యుణ్ణి మూడు సంగతులు అడగండి. పంటి చుట్టూ రబ్బరు తెర కడతారా? నీళ్లు చిమ్ముతూ, బలమైన గొట్టంతో పొడిని పీలుస్తూ, పూరకాన్ని పెద్ద ముక్కలుగా తీస్తారా? తీసిన ముక్కలను ఏం చేస్తారు? ఈ మూడవది నగరమంతటి ప్రశ్న. మురుగుకాలువలో కలిసిన పాదరసం చెరువు చేరి, సూక్ష్మజీవుల చర్యతో మరింత విషపూరితమై, చేపల ద్వారా మన కంచానికే తిరిగిరాగలదు. కాలిస్తే గాలిలో కలుస్తుంది. అందుకే దాన్ని మూత బిగించిన డబ్బాలో వేరుగా ఉంచి, అధీకృత వ్యర్థ నిర్వాహకులకు అప్పగించాలి.

ఇక కొత్త పదార్థం. పంటి రంగు రెసిన్ అందంగా ఉంటుంది. కాని పన్ను తడి లేకుండా ఉన్నప్పుడే బాగా అతుకుతుంది, అరుదుగా కొందరికి అందులోని రసాయనాలు పడవు. గ్లాస్ అయానోమర్ ఫ్లోరైడును విడుదల చేస్తుంది. అయితే నమిలే ఒత్తిడికి త్వరగా అరుగుతుంది. కొన్ని చౌక లోహపు తొడుగులలో నికెల్ ఉంటుంది. గిల్టు నగలు పెట్టుకుంటే దురద వచ్చేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. అటువంటివారికి జిర్కోనియా తొడుగు అనువైనది, ఖర్చు మాత్రం ఎక్కువ.

వాడిన పదార్థం పేరు, తేదీ చీటీమీద రాయించుకొని భద్రపరచుకోండి. వైద్యునికి మన భాష రాకపోతే, ఈ సంపుటిలో ఆయన చదవగల భాషా విభాగాన్ని ఆయన ముందుంచండి. అర్థంకాని మాటకు తల ఊపి రావద్దు. నోరు మనది, అడిగే హక్కూ మనదే.

సెలవు.