మళ్లీ పాడిన పాట

(మధిరలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారి జీవితమంతా హార్మోనియం మెట్ల మీదే గడిచింది. సొంతంగా ఒక్క పాటా కట్టలేదు. నాటకాలకు శ్రుతి పట్టారు, భజన మండళ్లకు వరసలు చెప్పారు. ఊళ్లో ఎవరు ఏ పాట ఎత్తుకున్నా వెనక నిలబడ్డారు. అలాంటి మనిషి పేరిట జరిగే సభలో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే నాకు ఈ ప్రశ్నే తోచింది. ఒకరు కట్టిన పాటను ఇంకొకరు పాడితే దాని విలువ ఎంత? ఇప్పటి పిల్లలు కవర్ సాంగ్ అంటారు, శాంపిల్ అంటారు, రీమిక్స్ అంటారు. పేర్లు కొత్తవి, పని పాతదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మళ్లీ పాడేవాడు పాట ఆయుష్షు పెంచుతాడు. అందుకోసం వరస మార్చుకోనివ్వండి, నడక మార్చుకోనివ్వండి, ఓ ముక్క కోసి ఇంకోచోట అతికించుకోనివ్వండి. ఎవరిదో మాత్రం చెప్పాలి. డబ్బొస్తే వాటా ఇవ్వాలి.

మన పొరుగూరి నుంచే మొదలుపెడతాను. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, పదిహేడో శతాబ్దం మనిషి. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా హయాంలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఆయన కీర్తనలు మనకు మాటలుగా దక్కాయి. ఆయన గొంతులో ఏ వరసన పలికాయో స్వరం రాసి దాచినవాళ్లు లేరు. అందుకే రామదాసు కీర్తన కచేరీలో ఒక తీరున నడుస్తుంది, చిడతలతో పాడే భజనలో ఇంకో తీరున నడుస్తుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వాటిని ఇంటింటికీ చేర్చింది. 1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. అందులో వాణీ జయరాం రామదాసు కీర్తన పాడారు, ఆ సినిమాతో జాతీయ అవార్డు అందుకున్నారు. 2006లో ‘శ్రీరామదాసు’ సినిమాకు కీరవాణి సంగీతం కట్టారు. ఒక్క కవి పాట ఇన్ని గొంతులు మారింది, ఇన్ని వాయిద్యాలు మారింది.

ఇన్ని మారినా గోపన్న పేరు చెరగలేదు. ఆ పేరు చివరి చరణంలో ఉంది కనుక! పాడేవాడు ఎంత స్వతంత్రించినా అక్కడికి వచ్చేసరికి ‘భద్రాచల రామదాసు’ అని పలకక తప్పదు. ఇవాళ కంపెనీలు ఒప్పంద పత్రాల్లో రాసుకునే దాన్ని మన వాగ్గేయకారులు ముద్రగా పాట కడుపులోనే పెట్టారు. భజనలో టైము చాలక ఎవరైనా ఆఖరి చరణం మింగేస్తే మాస్టారు హార్మోనియం ఆపేవారు కాదు. అదే స్వరం నొక్కిపట్టి, వాళ్ల ముఖంలోకి చూస్తూ కూర్చునేవారు. పాడేవాళ్లకు అర్థమయ్యేది. ఆ చరణం మళ్లీ ఎత్తుకునేవారు.

ముద్ర లేని పాటల సంగతి వేరు. మన పద్యనాటకాన్నే చూడండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం జనం తెల్లవార్లూ మేలుకుని కూర్చునేవారు. భుజాన కంబళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వస్తాడు. హార్మోనియం ఒక్క శ్రుతి పట్టి ఉంచుతుంది. అతను రాగం తీసి, మాట మాట విడదీసి, పద్యం ముగించేలోపే ‘వన్స్‌మోర్’ కేక పడుతుంది. డి.వి. సుబ్బారావు లాంటి నటులకు ఆ వేషమే పేరు తెచ్చింది. అక్కడ పాడే పద్యాల్లో జనం గుండెల్లో నిలిచిపోయినవి గుర్రం జాషువావి. ‘శ్మశానవాటి’ అనే విడి ఖండికగా ఆయన రాసుకున్నవి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలిపారు.

ఇప్పటి భాషలో ఇది శాంపిలే. ఎంత గొప్ప శాంపిలో ఆలోచించండి. నాటకానికి ఊపిరి వచ్చింది. అక్షరం రానివాళ్ల నోట కూడా ఆ పద్యాలు నిలిచాయి. అచ్చు పుస్తకం అంతదూరం వెళ్లలేదు. అయితే వన్స్‌మోర్ కొట్టినవాళ్లలో ఎందరికి అది జాషువా పద్యమని తెలుసు? బతికినన్నాళ్లూ అంటరానితనం చవిచూసిన కవి పద్యం లేనిదే సీను పండదు. కరపత్రం మీద మాత్రం ఆయన పేరుకు చోటుండేది కాదు. అరువు తేవడం తప్పని నేను అనను. అరువు అని చెప్పకపోవడమే తప్పు.

మన జిల్లా చూసిన తెలంగాణ సాయుధపోరాటం నాటి సంగతి ఇంకొకటి. దొరల మీద బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ పాట 1980లో వచ్చిన ‘మాభూమి’ సినిమాతో ఊరూరా మోగింది. తెర మీద పాడింది గద్దర్. ఆ గొంతు లేకపోతే ఆ పాట ఇన్ని తరాలు దాటేది కాదేమో. దాంతో చాలామంది అది గద్దర్ కట్టిన పాటే అనుకున్నారు. పాడినవాడు అబద్ధం చెప్పనక్కర్లేదు. పెద్ద గొంతు నీడలో చిన్న పేరు దానంతటదే మాసిపోతుంది. కాబట్టి పేరు చెప్పడం ప్రతిసారీ, పనిగట్టుకుని చేయాల్సిన పని.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ పాట వచ్చినప్పుడు ఈ గొడవే బజారున పడింది. అది జానపదం, సుద్దాల అశోక్‌తేజ చరణాలు రాశారు, మంగ్లీ పాడారు. ఆ పాటను వెలికితెచ్చి ముందే వేదిక మీద పాడింది తానని ఒక జానపద గాయని ముందుకొచ్చారు. జానపదానికి కర్త లేడు, నిజమే. ఎవరో ముసలమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుని మనదాకా మోసుకొచ్చిన మనిషి మాత్రం ఉంటుంది. ఆమెకూ ఒక పేరుంది.

సినిమా రీమిక్సుల మీద పెద్దలకు చిరాకు. అన్నింటినీ ఒక గాటన కట్టకండి. ‘ఘరానా మొగుడు’ (1992)లో తాను కట్టిన ‘బంగారు కోడిపెట్ట’ను ‘మగధీర’ (2009)కి కీరవాణి తానే తిరగరాసుకున్నారు. ‘దేవత’ (1982)లో చక్రవర్తి స్వరపరచిన ‘ఎల్లువొచ్చి గోదారమ్మ’ 2019లో ‘గద్దలకొండ గణేష్’కు మళ్లీ వచ్చినప్పుడు బాలసుబ్రహ్మణ్యం, సుశీలల గొంతులే వినిపించాయి. సుశీల ఎవరో తెలియని పిల్లలు ఫోన్లో ఆ పాత పాట వెతుక్కుని విన్నారు. నా లెక్కలో మంచి రీమిక్స్ అదే. వినేవాణ్ణి అసలు పాట దగ్గరికి నడిపిస్తుంది. డప్పుల హోరులో మాట వినపడకుండా చేసేది ఏ కాలంలోనైనా చెడ్డ రీమిక్సే.

దూరదేశం కథ ఒకటి చెబుతాను. 1969లో అమెరికాలో ‘ది విన్‌స్టన్స్’ అనే బృందం ఒక రికార్డు వేసింది. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించింది నాలుగు ఆవర్తాలు, సుమారు ఏడు సెకన్లు. తర్వాతి కాలంలో ఆ ముక్కను కోసుకుని వేల పాటలు పుట్టాయి. ఆ పాటలు కొత్త సంగీతాలకే పునాదులయ్యాయి. కోల్‌మన్ 2006లో పైసా ముట్టకుండా, నిలువ నీడ లేకుండా చనిపోయాడు. 2015లో శ్రోతలు చందాలు పోగుచేసి ఆ బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇరవై నాలుగు వేల పౌండ్లు ఇచ్చారు. చట్టం చేయని పని విన్నవాళ్లు చేశారు.

మనకు ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలిచ్చిన బప్పీ లహరి ఊరుకోలేదు. 1981లో ‘జ్యోతి’ అనే హిందీ సినిమాకు ఆయన కట్టి, లతా మంగేష్కర్ పాడిన పాటను అమెరికాలో 2002లో ఒక ఆల్బమ్‌లో చెప్పకుండా వాడుకున్నారు. ఆయన పేరు వేసేదాకా ఆ ఆల్బమ్ అమ్మకాలు ఆపమని అక్కడి కోర్టు 2003లో ఆదేశించింది. కోర్టు ముందు డబ్బుతో పాటు పేరు కూడా వ్యాజ్యమే అయింది.

మన చట్టంలోనూ దారి ఉంది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, పాట మొదట రికార్డయిన ఏడాది ముగిసి అయిదేళ్లు గడిచాక ముందుగా నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి ఎవరైనా కవర్ చేసుకోవచ్చు. అది కవర్ వెర్షన్ అని పైన రాయాలి. హక్కుదారు ఒప్పుకోనిదే, సాంకేతికంగా తప్పనివి మినహా మార్పులు చేయకూడదు. అంటే రీమిక్స్‌కు వేరుగా అనుమతి కావాల్సిందే. సినిమా కంపెనీలకు ఇదంతా చూసుకునే లాయర్లు ఉంటారు. భద్రాచలం అడవిలో రేల పాట పాడే కోయ ఆడపడుచుకు లాయరెక్కడ? ఆమె పాటను ఫోనులో పట్టుకుని యూట్యూబ్‌లో పెట్టే మన కుర్రవాళ్లే ఆమె పేరు, ఊరు రాయాలి. డబ్బొస్తే ఆమె చేతిలో పెట్టాలి.

నిర్వాహకులకు ఒక్క విన్నపంతో ముగిస్తాను. వచ్చే ఏడు నుంచి ఈ సభలోనూ, శ్రీరామనవమి పందిట్లోనూ ఎవరు ఏ పాట పాడినా ముందు కట్టినవారి పేరు మైకులో చెప్పించండి. తెలియకపోతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు చెప్పించండి. ఒక్కో పాటకు అర నిమిషం పడుతుంది. కార్యక్రమం కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదు.