మట్టిగోడ కూడా కోటనే
(సూరారంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓరుగల్లు కోట అనంగనే మనకు రాతి తోరణాలే యాదికొస్తయ్. 2014లో రాష్ట్ర చిహ్నంలకు కూడా తోరణమే ఎక్కింది. మంచిదే. కానీ ఆ తోరణాలు స్వయంభూ దేవుని గుడికి నాలుగు దిక్కుల నిలిపినవి. యుద్ధమొస్తే ఊరిని కాపాడింది గోడలు.

గణపతిదేవుడు మొదలువెట్టిన రాతిగోడను ఆయన బిడ్డ రుద్రమదేవి ఇంకా ఎత్తు లేపింది. 45 బురుజులు. సున్నం లేకుంట బండ మీద బండ పేర్చిన్రు. లోపలి దిక్కు మట్టికట్ట, దానికి మెట్లు. శత్రువు ఏ పక్క నుంచి వచ్చినా బంట్లు ఆడికాడనే పైకి ఉరకొచ్చు. దర్వాజలు సక్కగ ఉండయి, లోపలికి మలుపులు తిరగాలె. గుమ్మానికి గుద్దడానికి ఏనుగుకు ఉరికే జాగ దొరకదు.

దాని అవతల అగడ్త, ఇంకా అవతల రుద్రమ కట్టించిన మట్టికోట. ఈ అంచు నుంచి ఆ అంచుకు సుమారు 2.4 కిలోమీటర్లు. మట్టేం ఆపుతదని అనుకోవద్దు. కట్ట మైసమ్మను మొక్కే సూరారపోళ్లకు కట్ట బలం మేం చెప్పాల్నా? 1310ల మాలిక్ కాఫుర్ దండు ముట్టడించినప్పుడు, ఈ మట్టిగోడల ఉక్కు బల్లెం కూడా దిగదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రోనే రాసిండు. పొగిడింది శత్రువు ఆస్థానపోడు! అగడ్త పూడ్చినంకనే వాళ్లు దాటగలిగిన్రు. 1323ల ఉలుగ్ ఖాన్ చేతిల కోట పడ్డది, అది కూడా నెలల ముట్టడి తర్వాత.

రుద్రమ కాలంలనే, 1268ల, వేల్స్ దేశంల కేర్‌ఫిల్లీ కోట మొదలైంది. గోడ లోపల గోడ, చుట్టూ నీళ్లు. ఎవరికెవరు తెల్వదు, ఉపాయం మాత్రం ఒక్కటే. ఆడ నీళ్లు నిలిపే కట్టలను కూడా కోట కిందనే లెక్కగట్టి కాపాడుకుంటున్నరు. మన మట్టికోట మీద ఇండ్లు లేచినయ్. అందుల బీదోళ్లను తిట్టి లాభం లేదు, హద్దు చూపియ్యని కార్యాలయాలను అడగాలె. రెవెన్యూల పనిచేసే ఉద్యోగ మిత్రులు ఈ సభలనే ఉన్నరు. కట్ట, అగడ్త పటంల ఏడిదాకా ఉన్నయో ఒకసారి తీసి చూడాలె.

విద్యార్థులు ఈసారి పోతే తోరణాల కాడ ఫోటో దిగి మర్లి రాకుండ్రి. మట్టికట్ట ఎక్కి చుట్టూ నడువుండ్రి. పొద్దుగాలనే మొదలువెట్టుండ్రి, ఆడ నీడ తక్కువ.