డీజిల్‌లో నీటికి కాపలా

లారీ మీద బతికే కుటుంబాల కోసం ఈ నాలుగు మాటలు.

ఇప్పటి కామన్‌రైల్ ఇంజన్లలో డీజిల్ 1,600 బార్ దాకా, కొన్నిటిలో అంతకు పైగా ఒత్తిడితో ఇంజెక్టర్లకు చేరుతుంది. ఆ పంపుకూ, ఇంజెక్టర్లకూ డీజిలే కందెన. అందులో నీళ్లు కలిస్తే లోహం అరుగుతుంది, తుప్పు పడుతుంది.

అందుకే బండికి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ లేకపోతే, ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఒకటి బిగించుకోండి. మీ ఇంజన్‌కు సరిపడే సైజు, లోపల కనిపించే గిన్నె ఉన్నది చూసి కొనండి. నీరు డీజిల్ కంటే బరువు కనుక అడుక్కి దిగుతుంది, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. కింది స్క్రూ వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా డబ్బాలోకి వదిలేయండి.

పనికి ముందు ఇంజన్ చల్లారాలి. బీడీ, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. ఫిల్టర్ మార్చేటప్పుడు దాని రబ్బరు రింగుకు కాస్త డీజిల్ రాసి, చేత్తోనే బిగించండి. తర్వాత లోపల చేరిన గాలి పోయేదాకా చేతిపంపు కొట్టండి. మొదట మెత్తగా ఆడిన పంపు, గాలి పోయాక గట్టిపడుతుంది. గిన్నెలో ఇంకా బుడగలు లేస్తుంటే ఎక్కడో క్లిప్పు వదులై ఉండొచ్చు.

ఒక్క హెచ్చరిక. ఇంజన్ తిరుగుతుండగా ఇంజెక్టర్ పైపు విప్పకండి, లీకును వేలితో వెతకకండి. ఒత్తిడితో చిమ్మే సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంజెక్టర్ పైపుల సంగతి పని తెలిసిన మెకానిక్‌కే వదలండి.

రోజూ బండెక్కే ముందు ఆ గిన్నె వంక ఒకసారి చూడండి.